పురుగులు లేని సీతాకోకల తోట

సీతాకోకచిలుక కావాలి గానీ గొంగళిపురుగు వద్దు అనేవాళ్ళని చూస్తే టైలరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పెళ్ళికొడుకు కావాలి గానీ వాడు పసితనంలో పక్క తడిపి ఉండకూడదు అన్నట్టుంటుంది ఆ కోరిక. లోకంలో అలాంటివాళ్ళు సగం మంది ఉంటారేమో తెలియదు. ఆ వీధిలో మాత్రం అందరూ అలాంటివాళ్ళే. పైగా వాళ్ళకొక కమిటీ, ఆ కమిటీకొక ప్రెసిడెంటు.

టైలరమ్మ స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. నీలం లాగూలు, నీలం గౌన్లు, తెల్ల చొక్కాలు. మిషను మొదట్లో ముందుగదిలో ఉండేది. "ఆ టకటకకి నా తల పగిలిపోతోందే" అని వదిన రోజూ గోల పెడితే ఆరేళ్ళ కిందట దాన్ని వెనకగదిలోకి మార్చారు. వెనకగదికి ఒకటే కిటికీ. అందులోంచి చూస్తే నాలుగు మంచాలు పట్టేంత పెరడు, పెచ్చులూడిన గోడ, పిడి విరిగిన బకెట్టు. రోజంతా నీలం గుడ్డ, తలెత్తితే బూడిదరంగు గోడ. కళ్ళకి కాస్త పని చెబుదామని ఆవిడ నాలుగు పూలమొక్కలు, ఒక నిమ్మమొక్క, ఒక జామమొక్క నాటింది. కథ అక్కడ మొదలైంది.

వదిన అంటే టైలరమ్మ భర్తకి అక్క. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. టైలరమ్మ మొగుడు లారీ డ్రైవరు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అందుకని మిగతా సగం పెత్తనం కూడా వదినే పుచ్చుకుంది. ఆవిడ ముప్పై ఏళ్ళు పెద్దాసుపత్రిలో పసిపిల్లల వార్డులో ఆయాగా చేసి రిటైరైంది. ఆ వార్డు తలుపు దగ్గర ఆవిడ నిలబడిందంటే ఎంతటివాడైనా చెప్పులు విప్పాల్సిందే, చేతులు కడగాల్సిందే. టైమైపోయాక కన్నతండ్రి వచ్చి కాళ్ళావేళ్ళా పడినా గుమ్మం దాటనిచ్చేది కాదు. రిటైరై ఇంటికొచ్చాక కాపలా కాయడానికి పిల్లలు లేకపోయేసరికి ఆ శ్రద్ధంతా ఫినాయిలు మీదికి మళ్ళింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇల్లంతా తుడుస్తుంది. మా ఇంట్లో ఈగ వాలాలంటే స్నానం చేసి రావాలి అని తమ్ముడే జోకులేస్తుంటాడు. ఆ ఇంట్లో మల్లెపూలు పెట్టినా ఫినాయిలు వాసనే వస్తుంది.

మొదటి ఏడు పెరట్లోకి సీతాకోకచిలుకలు వచ్చాయి. హోటలుకి వచ్చినట్టు వచ్చి, పూల మీద వాలి, తాగి, వెళ్ళిపోయేవి. రెండో ఏడు నిమ్మమొక్క ఆకు మీద టైలరమ్మకి పిట్టరెట్ట లాంటి మరక ఒకటి కనబడింది. తుడుద్దామని తడిగుడ్డ తీసుకుని వెళితే మరక కదిలింది. ఆవిడ గుడ్డ పక్కన పెట్టేసింది. ఆ మరక పక్షం రోజుల్లో పచ్చటి పురుగై, చిటికెనవేలంత లావెక్కి, పదకొండు ఆకులు నమిలి, చివరికి ఒక కొమ్మకి ఆనుకుని, నడుముకి సన్నటి దారం ఒకటి కట్టుకుని నిద్రపోయింది. ఆ దారం చూసి టైలరమ్మ నివ్వెరపోయింది. ఏళ్ళ తరబడి సూదిలో దారం ఎక్కించిన చెయ్యి, అంత సన్నటి దారం తన పెట్టెలో ఏనాడూ చూడలేదు. ఆ గూడు పగిలి నల్ల మీద పసుపు చుక్కల సీతాకోకచిలుక బయటికొచ్చి రెక్కలార్చుకున్న పొద్దుట ఆవిడ మిషను నలభై నిమిషాలు ఆపేసింది.

అప్పుడు తెలిసింది ఆవిడకి అసలు సంగతి. పువ్వు చుట్టానికి, ఆకు బిడ్డకి. పూలు పెడితే చుట్టాల్లా వచ్చిపోతాయి. కాపురం ఉండాలంటే బిడ్డలకి తిండి పెట్టాలి, అంటే ఆకులు తిననివ్వాలి. ఆనాటి నుంచి ఆవిడ నిమ్మాకు తెంపలేదు. గోడ పగుల్లో దానంతట అదే మొలిచిన జిల్లేడు పీకలేదు. దాని మీద చారలచారల పురుగులు చేరితే "కానీండ్రా" అంది. మట్టిమూకుడులో నీళ్ళు పోసి గులకరాళ్ళు వేసింది. ఒక మూల నేల ఎప్పుడూ తడిగా ఉంచింది, చిలుకలు ఆ బురద మీద వాలి చెమ్మ పీల్చుకుంటాయని. కత్తిరించిన దారం ముక్కలు కిటికీ అంచున పెట్టేది, పిట్టలు ఎత్తుకుపోతాయని. అవి కూడా వేలికణుపు కన్నా పొడుగు ఉండనిచ్చేది కాదు. పొడుగు దారం పిట్ట కాలికి చుట్టుకుంటే అది ఉరే.

ఈ ఏడు ఆకులు కుట్టుకునే పిట్టలు జామచెట్టులో గూడు కట్టాయి. కిటికీకి మూరెడు దూరంలో రెండు జామాకులు దగ్గరికి లాగి, అంచులకి చిల్లులు పెట్టి, కుట్టేశాయి. కుట్టింది నీలం దారంతో. స్కూలు నీలం. ఆ కుట్టు చూసి టైలరమ్మ మురిసిపోయి, "ఇంట్లో ఇద్దరం టైలర్లమయ్యాం" అని మొగుడికి ఫోను చేసి మరీ చెప్పింది. గూట్లో మూడు పిల్లలు. తల్లీ తండ్రీ పొద్దుట నుంచి సందెవేళ దాకా నిమ్మచెట్టు మీది చిన్న చిన్న పురుగుల్ని ఏరుకెళ్ళి వాటి నోట్లో పెట్టేవి. పురుగుల్లో కొన్ని పిట్టలకి పోయేవి, కొన్ని చిలుకలయ్యేవి. ఆ లెక్క టైలరమ్మ ఎప్పుడూ అడగలేదు, అవీ చెప్పలేదు, అందరికీ సరిపోయేది.

వదినకి మాత్రం ఇదంతా పెంట. "పురుగంటే జబ్బే. ఇల్లు ఇంత శుభ్రంగా పెట్టుకుని పెరట్లో పురుగుల్ని మేపుతున్నావు చూడు, నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అనేది. వెనకగుమ్మానికి అడ్డంగా రోజూ ఒక ఫినాయిలు గీత గీసేది. పురుగులు అటు, తను ఇటు. ఆరేళ్ళుగా ఆ గీత మీదే శాంతి నిలబడి ఉంది.

ఇంతలో ఊరంతటికీ ఏదో పోటీ పెట్టారు, పచ్చని వీధుల పోటీ. ప్రెసిడెంటుగారికి పూనకం వచ్చింది. ఆయన ఏదో ఆఫీసులో ఫైళ్ళు చూసి రిటైరైన మనిషి. వీధి చివర ఖాళీ జాగాలో ముందు బోర్డు పాతించారు, "సీతాకోకల తోట" అని. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. తర్వాత నర్సరీ నుంచి నలభై కుండీలు దింపించి, ఆకు మీద ఆకు లేకుండా కత్తిరించి, రోజు విడిచి రోజు మందు కొట్టించారు. నెల తిరిగింది. ఒక్క సీతాకోకచిలుక రాలేదు. రావడానికి వాటికేం పట్టింది? తనిఖీ వాళ్ళు ఆదివారం వస్తారనగా మంగళవారం నాడు ఆయన టైలరమ్మ పెరటి గేటు దగ్గర నిలబడి నోరు వెళ్ళబెట్టారు.

"అమ్మో, ఇన్ని సీతాకోకలా! ఎక్కడ కొన్నారమ్మా?"

"కొనలేదండీ. వచ్చాయి."

"ఏం మందు వేస్తారు?"

"ఏమీ వెయ్యనండీ. అదే మందు."

ఆయన లోపలికొచ్చి తిరిగి చూశారు. "ఆకులన్నీ చిల్లులేనమ్మా" అన్నారు బాధగా. టైలరమ్మ ఒక నిమ్మకొమ్మ వంచి చూపించింది. ఇదిగో గుడ్డు, ఇదిగో పిల్ల, ఇదిగో పెద్దది, ఇదిగో నడుముకి దారం కట్టుకుని పడుకున్నది. చంటిబిడ్డకి అన్నం పెట్టినంత ఓపికగా చెప్పింది. ఆయన పురుగుని చూడగానే రెండడుగులు వెనక్కి వేశారు. కానీ చిలుకలు ఆయన్ని వదల్లేదు. ఆదివారం తనిఖీ వాళ్ళకి ఈ పెరటినే వీధి తరఫున చూపిస్తానన్నారు.

నిజం చెప్పాలంటే టైలరమ్మకి ఆ మాటతో ఒళ్ళు పులకరించింది. ఆరేళ్ళుగా ఆ పెరటిని చూసి ముక్కు మూసుకున్నవాళ్ళే గానీ బాగుందన్నవాళ్ళు లేరు. అయినా ఆవిడ జాగ్రత్త మరిచిపోలేదు. "ఒక్క మాటండీ. ఆదివారం దాకా ఇక్కడ ఒక్క ఆకు కూడా ఎవరూ ముట్టుకోకూడదు. కత్తెర వద్దు, చీపురు వద్దు, మందు అసలే వద్దు" అంది.

"అలాగేనమ్మా, అలాగే" అని ప్రెసిడెంటుగారు తల ఊపారు. ముప్పై ఏళ్ళు చదవకుండా సంతకాలు పెట్టిన మనిషి తల ఊపడానికి ఏ పాటి విలువ ఉంటుందో ఆవిడకి ఆ రోజు తట్టలేదు.

శనివారం టైలరమ్మ స్కూలుకి వెళ్ళింది. కొత్తగా చేరిన పిల్లలకి కొలతలు తీసుకోవాలి. పొద్దున ఎనిమిదింటికి వెళ్ళినావిడ మెడలో టేపు తియ్యకుండా సాయంత్రం నాలుగున్నరకి తిరిగొచ్చింది. వదిన గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. మొహం చేటంత చేసుకుంది.

"రావే, రా! నీ తోట చూసుకో. ఎలా మెరుస్తోందో!"

మెరుస్తోంది. నిమ్మచెట్టుకి చిల్లున్న ఆకంటూ ఒక్కటి లేదు, అన్నీ కత్తిరించి పారేశారు. జిల్లేడు వేళ్ళతో సహా పీకి గోడ పక్కన పడేశారు. తడినేల మీద ఇసుక పోసి చదును చేశారు. మూకుడు బోర్లించారు. మిగిలిన ఆకులన్నిటి మీదా ఏదో నూనె రాసినట్టు నిగనిగ. ఒక్క చిలుక లేదు. టైలరమ్మ కిందికి చూసింది. చెట్టు మొదట్లో నేలంతా పురుగులు. పచ్చవి, చారలవి, ఇంకా మరకల్లా ఉన్న పసివి. కొన్ని చచ్చాయి. కొన్ని మెలికలు తిరుగుతూ నోట్లోంచి పచ్చనీళ్ళు కక్కుతున్నాయి.

"ఎవరు రానిచ్చారు?"

"నేనే. ప్రెసిడెంటుగారు స్వయంగా వచ్చి అడిగారు. ఆకుల మీద దుమ్ముంది, సబ్బునీళ్ళు కొట్టిస్తాం, తలుపులేసుకుని లోపల కూర్చోండి అన్నారు. పాపం, మన కోసం మనిషిని కూడా తెచ్చారు."

"వద్దన్నానుగా! ఆయనకి చెప్పాను, మీకు చెప్పాను! కడుపుతో ఉన్నదాన్ని చూపించి బహుమతి తెచ్చుకుంటానన్నవాడు, కడుపు కోసి పిల్లని తీసేసి, ఇప్పుడు సన్నగా బాగుంది అన్నట్టుంది మీ ఇద్దరి వరసా! బుద్ధి ఉందా వదినా మీకు?"

పెళ్ళైన ఇరవై ఐదేళ్ళలో టైలరమ్మ వదినని ఆ మాట అనలేదు. అప్పుడే జామకొమ్మ మీద తల్లిపిట్ట వాలింది. దాని ముక్కున సన్నటి పచ్చపురుగు వేలాడుతోంది. కదలడం లేదు. నేల మీద కావలసినంత తిండి, ఏరుకునే శ్రమ కూడా లేకుండా దొరికింది దానికి. పిట్ట గూట్లోకి తల దూర్చింది, ఉత్త ముక్కుతో బయటికొచ్చి, ఇంకొకదాని కోసం నేరుగా నిమ్మచెట్టు కిందికి దిగింది.

టైలరమ్మ సంచీ అక్కడే పడేసి పరిగెత్తింది. చేతులూపి పిట్టని తోలింది. మోకాళ్ళ మీద కూలబడి పురుగుల్ని రెండు చేతులా ఏరడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావే? పిచ్చా ఏంటి నీకు? ఆ చేతులేంటి?"

"ఇవి పెడితే పిల్లలు చస్తాయి వదినా."

"ఏ పిల్లలు?"

టైలరమ్మ లేచి వదిన రెక్క పట్టుకుని ఫినాయిలు గీత దాటించి జామచెట్టు దగ్గరికి లాక్కెళ్ళింది. నీలం దారంతో కుట్టిన ఆకుల్ని చూపుడువేలితో కాస్త వంచింది. వదిన తొంగి చూసింది. రెండు నోళ్ళు తెరుచుకున్నాయి, లోపల ఎర్రగా. మూడోదాని తల వాలిపోయి ఉంది, ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది. బొటనవేలంత ఒళ్ళు, ఈకలు ఇంకా సరిగ్గా రాలేదు. వదిన ఆ వణుకు వైపు చాలాసేపు చూసింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకి ముప్పై ఏళ్ళు పక్కలు మార్చిన మనిషికి ఆ వణుకు సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆవిడ గిరుక్కున తిరిగి చెత్తబుట్ట దగ్గరికి వెళ్ళి, అందులోంచి మందు కొట్టినవాడు పడేసిన ఖాళీ సీసా ఒకటి తీసింది. సీసా మీద ఎర్రగుర్తు, దాని మీద పుర్రె బొమ్మ.

"సబ్బునీళ్ళన్నాడే!" అంది. "ఫినాయిలు వాసనలో నాకు ఇది తెలియలేదే. సబ్బునీళ్ళన్నాడు!"

ఆ బొమ్మ ఉన్న సీసా వార్డు గుమ్మం దాటకుండా ముప్పై ఏళ్ళు కాపలా కాసింది ఆవిడే. ఈరోజు తలుపు తీసి లోపలికి రమ్మన్నదీ ఆవిడే.

వదిన చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నేల మీద కూర్చుంది. పురుగుని చూస్తే మైలుదూరం పరిగెత్తే మనిషి, చేతికి ప్లాస్టిక్ సంచీ తొడుక్కుని ఒక్కొక్కటే ఏరి పళ్ళెంలో వేసింది. ఎంత ఏరినా చెట్టు మీంచి ఇంకా రాలుతూనే ఉన్నాయి. టైలరమ్మ లోపలికెళ్ళి చొక్కాలకని తెచ్చిన తెల్లగుడ్డ తాను భుజాన వేసుకొచ్చింది. ముప్పై చొక్కాల గుడ్డ. కత్తెర పెట్టకుండా నిమ్మచెట్టు చుట్టూ కింది నుంచి పై దాకా చుట్టేసి, పిన్నీసులతో బిగించింది. ఇక్కడ దొరక్కపోతే పిట్టలు మరోచోట వెతుక్కుంటాయని ఆశ. తల్లిపిట్ట ఆ తెల్లగుడ్డ చుట్టూ రెండుసార్లు తిరిగి, అరిచి, గోడ దాటి ఎగిరిపోయింది. కాసేపటికి ఎక్కడి నుంచో బతికున్న పురుగుని పట్టుకొచ్చింది. అది కొట్టుకుంటుంటే చూసి వదిన ఏడ్చింది. వీధి దీపాలు వెలిగే దాకా ఇద్దరూ ఏరుతూనే ఉన్నారు.

తెల్లారేసరికి మూడింట్లో రెండు పిల్లలు చచ్చిపోయాయి. ఒక్కటి మిగిలింది.

టైలరమ్మ రెండు పిల్లల్నీ గూట్లోంచి తీసింది. పెరట్లో బల్ల మీద జేబులకని ఉంచిన తెల్లగుడ్డ ఒకటి పరిచి, పళ్ళెంలోని పురుగుల్ని గుండీలు వరసపెట్టినట్టు చిన్నవి ఒక వరస, పెద్దవి ఒక వరస పేర్చింది. అరవై ఒకటి ఉన్నాయి. చివర పిట్టపిల్లలు రెండూ. గుడ్డ నాలుగు కొసలూ మడిచింది. "ఆ మనిషిని గుమ్మం తొక్కనివ్వను" అని వదిన గేటు దగ్గరికి బయల్దేరితే, "రానివ్వండి వదినా. పై నుంచి వచ్చేవాళ్ళు చూడాలి" అంది. చదువుకున్నవాళ్ళు, పెద్దవాళ్ళు, వాళ్ళు చూస్తే ఒక మాట అంటారని ఆవిడ నమ్మకం.

తొమ్మిదింటికి ప్రెసిడెంటుగారు ఇస్త్రీ చొక్కాలో వచ్చారు. చేతిలో అట్టపెట్టె. చెట్టుని చూడగానే అదిరిపడ్డారు. "ఇదేంటమ్మా, తెల్లగుడ్డ కప్పారు! చావింట్లోలా!"

"చావిల్లే కదండీ" అంది టైలరమ్మ.

ఆయన వినిపించుకోలేదు. పిన్నీసులు తనే పీకి గుడ్డ లాగి పారేశారు. అట్టపెట్టె తెరిచారు. అందులో ప్లాస్టిక్ సీతాకోకచిలుకలు. ఎరుపువి, పసుపువి, గులాబీరంగువి, రెక్కల మీద తళుకులు చల్లినవి, కడుపు కింద క్లిప్పు ఉన్నవి. బట్టలారేసినంత తీరుబడిగా ఆయన వాటిని నిమ్మకొమ్మలకి తగిలించారు. బతికున్నవాటిని చంపి, వాటి బొమ్మల్ని వాటి చెట్టుకే వేలాడదీసిన మనిషిని ఏ మాటతో తిట్టాలో ఏ పెద్దలూ ఆవిడకి నేర్పలేదు.

తనిఖీ వాళ్ళు ఇద్దరు. ఫైలు పట్టుకున్న మేడమ్ ఒకరు, కెమెరా పట్టుకున్న ఆయన ఒకరు. మేడమ్ చుట్టూ చూసి, "చాలా నీట్‌గా ఉందండీ. మరి సీతాకోకచిలుకలేవి?" అన్నారు.

"అవిగో మేడమ్" అని ప్రెసిడెంటుగారు చెట్టు చూపించారు.

"ప్లాస్టిక్‌వి కదా?"

"తోట ఉద్దేశం తెలియడానికి పెట్టాం మేడమ్. ఇవాళ మబ్బుగా ఉంది. ఎండ రాగానే అసలువి గుంపులు గుంపులుగా వస్తాయి."

మేడమ్ తల ఊపి ఫైల్లో ఏదో రాసుకున్నారు. కెమెరా ఆయన తళుకుల చిలుకని నాలుగు వైపుల నుంచీ ఫోటో తీశారు. అప్పుడు టైలరమ్మ ముందుకొచ్చి బల్ల మీది గుడ్డ కొసలు విప్పింది.

"మేడమ్, అసలువి ఇవండీ. నిన్న మందు కొట్టి చంపారు. బతికుంటే ఈ నెల దాటకుండా అన్నీ ఎగిరేవి. ఇవి పిట్టపిల్లలు, ఆ మందు తిన్న పురుగుల్ని తిని…"

మేడమ్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగారు. "అబ్బా! ఇన్ని పురుగులా! ప్రెసిడెంటుగారూ, మందు కొట్టించలేదా?"

"నిన్ననే కొట్టించాం మేడమ్!"

"చాలలేదు. ఇంకో డోసు కొట్టించండి."

అదీ పై నుంచి వచ్చినవాళ్ళు అన్న మాట. అది కూడా ఫైల్లో రాసుకుని, వాచీ చూసుకుని, పక్క వీధికి వెళ్ళిపోయారు. వెనకాల ప్రెసిడెంటుగారు, గేటు దాటుతూ, "వచ్చినవాళ్ళ ముందు ఆ చెత్తంతా పరుస్తారా ఎవరైనా? వీధి పరువు తీసేవారు కదమ్మా" అని మెత్తగా చీవాట్లు పెట్టి మరీ వెళ్ళారు. టైలరమ్మ జామచెట్టు మొదట్లో చిన్న గొయ్యి తవ్వి గుడ్డతో సహా పాతిపెట్టి, చేతులు కడుక్కుని, మిషను ముందు కూర్చుంది. ఆ రోజు చొక్కాకి రెండు కుడిచేతులు కుట్టింది.

బుధవారం బహుమతి వచ్చింది. ఆ వీధికి రెండో స్థానం. ప్రెసిడెంటుగారు మేళతాళాలు ఒక్కటే తక్కువ అన్నట్టుగా వచ్చి, టైలరమ్మ పెరటి గేటుకి రేకు బోర్డు కొట్టించి వెళ్ళారు, "ఉత్తమ సీతాకోకల తోట" అని. శనివారం రెండో డోసు కొట్టిస్తాం, మేడమ్ చెప్పారు కదా అని గుర్తు కూడా చేశారు. వీధివాళ్ళు వచ్చి ఆ బోర్డు పక్కన నిలబడి ఫోటోలు దిగారు. గేటు లోపల ఒక్క రెక్క ఆడటం లేదని ఒక్కరికీ అనుమానం రాలేదు.

టైలరమ్మ వారమంతా వదినతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, మంచినీళ్ళిచ్చేది, మాట మాత్రం లేదు. వదిన కూడా బతిమాలలేదు. ఫినాయిలు సీసా అటక ఎక్కించేసింది. పొద్దున్నే బకెట్టు నీళ్ళు, మెత్తటి పాతచీర ముక్క తీసుకుని పెరట్లోకి వెళ్ళేది. నిమ్మచెట్టు ఆకుల్ని ఒక్కొక్కటే అరచేతిలో పెట్టుకుని పైన, కింద కడిగేది. ఆకు కింద చెయ్యి ఆనించి కడిగే ఆ పద్ధతి టైలరమ్మ కిటికీలోంచి చూసింది. పసిబిడ్డ మెడ కింద చెయ్యి వేసి పోసే స్నానం అది. గురువారం, శుక్రవారం గట్టి వానలు పడి మిగతా పని చేశాయి. ప్లాస్టిక్ చిలుకల రంగు కారిపోయింది. మిగిలిన పిట్టపిల్ల శుక్రవారం గూటి అంచు మీదికొచ్చి, తూలి, జామకొమ్మ పట్టుకుని, ఎగిరింది.

ఆ సాయంత్రం వదిన కిటికీ దగ్గరికొచ్చి మెల్లిగా పిలిచింది. "ఏమే, ఒక్కసారి వస్తావా? ఆకు మీద ఏదో ఉంది. ఆవగింజంత. కడగబోయి ఆగాను."

టైలరమ్మ మిషను ఆపి వెళ్ళింది. లేత ఆకు అంచున ఒకటే ఒకటి, లేత పసుపుగా, గుండ్రంగా.

"గుడ్డు వదినా" అంది. వారం తర్వాత అదే మొదటి మాట.

"ఎన్నాళ్ళకి?"

"మూడు రోజుల్లో పిల్ల వస్తుంది. నెల తిరిగేసరికి చిలుక."

వదిన ఆకుని వదల్లేక వదిలింది. లోపలికెళ్ళి సుత్తి తెచ్చి, గేటుకున్న రేకు బోర్డు పీకింది. దాన్ని తిరగేసి, వరండాలో కూర్చుని, తమ్ముడి లారీ నంబరుకి తెచ్చిన ఎర్రరంగు డబ్బా మూత తీసింది. ఆవిడ రాత పెద్దది, వంకర లేనిది.

శనివారం పది గంటలకి ప్రెసిడెంటుగారు వచ్చారు. వెనకాల మందు కొట్టేవాడు, వీపున ట్యాంకు, చేతిలో సీసా. గేటు ముందు ఆగిపోయారు. బోర్డు మీద ఎర్రటి అక్షరాలు ఉన్నాయి: లోపల పసిపిల్లలున్నారు. ఎవరూ రాకూడదు. గేటు అవతల వదిన నిలబడి ఉంది. రిటైరైన నాడు మడిచి పెట్టెలో పెట్టిన తెల్లచీర కట్టుకుంది.

"ఇదేంటమ్మా? ప్రైజు బోర్డు ఏమైంది? పసిపిల్లలేంటి, మీ ఇంట్లో పసిపిల్లలెవరున్నారు?"

"ఉన్నారు."

"నాకు తెలియకుండానా? తప్పుకోండమ్మా, కమిటీ తీర్మానం ఇది. పని చూసుకుని వెళ్ళిపోతాం."

వదిన మందు కొట్టేవాడి చేతిలోని సీసా వైపు చూసింది. ఎర్రగుర్తు, పుర్రె బొమ్మ. తర్వాత ప్రెసిడెంటుగారిని తల నుంచి చెప్పుల దాకా ఒకసారి చూసింది. ముప్పై ఏళ్ళు తండ్రుల్ని, తాతల్ని, పెద్దపెద్ద ఆఫీసర్లని అలా చూసి వెనక్కి పంపిన చూపు అది.

"సబ్బునీళ్ళా?" అంది.

ఆయన ఆ సీసాకి అడ్డంగా జరిగారు.

"పిల్లల్ని చూసే టైమైపోయింది. వెళ్ళండి" అని వదిన గేటు వేసి గడియ పెట్టింది.

వెనకగదిలో టైలరమ్మ మిషను తొక్కడం మొదలుపెట్టింది.